ఏడో మంచం దగ్గర సిగ్నల్

“దగ్గరికొచ్చి వాసన చూడండి. మనిషిని బతికుండగానే కుళ్ళబెట్టారు” అంటున్నాడు కొడుకు. తను మాత్రం ముక్కుకి సెంటు రుమాలు అడ్డం పెట్టుకుని మంచానికి రెండు గజాల దూరంలో నిలబడ్డాడు. రెండో చేతిలో ఫోను. తండ్రి అవస్థని నాలుగు రోజులుగా చుట్టపక్కాలందరికీ లైవ్‌లో చూపిస్తూనే ఉన్నాడు.

ఏడో నంబరు మంచం మీద పెద్దాయన పక్కకి తిరిగి మూలుగుతున్నాడు. వీపు మీద అరచేయంత పుండు. దాన్ని చూసి వైర్లాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆస్పత్రిలో నెట్‌వర్క్ పని చూసే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు.

ఆయన వచ్చిన పని వేరు. ఈ వార్డులో ఎవరో దొంగ వైఫై పెట్టారు. మానిటర్ల కోసం గోడలో ఉంచిన నెట్ సాకెట్‌కి సొంత బాక్సు తగిలించేశారు. ఆ కంతలోంచి ఎవడైనా దూరి రోగుల రిపోర్టులన్నీ చూసేయొచ్చు. సాయంత్రంలోగా పట్టుకోమని పైనుంచి ఆర్డరు. నేల కింది అంతస్తు కావడంతో అక్కడ ఫోన్లకి సిగ్నల్ ఉండదు. డ్యూటీలో సినిమాలు చూసుకోవడానికి వార్డు సిస్టరే పెట్టి ఉంటుందని ఆయన మెట్లు దిగుతూనే తేల్చేసుకున్నాడు. ఇప్పుడా పుండు చూశాక ఆవిడంటే ఒళ్ళు మండిపోయింది.

గాలి పరుపు ఎందుకు ఆన్ చెయ్యలేదని మేట్రన్ నిలదీస్తోంది. పుండ్లు పడకుండా గాలి నింపుతూ వదులుతూ ఉండే పరుపది. నాలుగు రోజులుగా చప్పిడిగా పడి ఉంది.

“చేరిన రోజు నేనే ఆన్ చేశాను మేడమ్. మర్నాటికి ఆగిపోయింది. మోటారు పోయిందని మూడుసార్లు రాసిచ్చాను, ఎవరూ రాలేదు” అంది సిస్టర్.

కుంటిసాకులు కట్టిపెట్టమని మేట్రన్ ఒక కాగితం ముందు పెట్టింది. నిర్లక్ష్యం చేశానని ఒప్పుకుంటూ అందులో సంతకం పెట్టాలి. పెడితే ఇక ఏ ఆస్పత్రీ గడప తొక్కనివ్వదు. సిస్టర్ పెన్ను పట్టుకుని ఆ కాగితం మళ్ళీ మొదట్నించీ చదువుకుంటోంది. వైర్లాయనకి జాలి కలగలేదు సరికదా, తగిన శాస్తి జరిగిందనిపించింది.

సిగ్నల్ కొలిచే మీటరు పట్టుకుని నేరుగా నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళాడు. సిగ్నల్ పెరగకపోగా తగ్గింది. వెనక్కొచ్చి మీటరుని గుండెలకి ఆనించుకుని మెల్లగా గుండ్రంగా తిరిగాడు. ఏ వైపుకి వీపు పెట్టినప్పుడు ఒళ్ళు అడ్డమొచ్చి సిగ్నల్ పడిపోతుందో బాక్సు ఆ వైపే ఉన్నట్టు. ఏడో మంచానికి వీపు పెట్టినప్పుడు పడిపోయింది.

ఛీ, ఇదేం ఖర్మరా అనుకుంటూ మంచం కిందికి దూరాడు. జుట్టు ఉండలు, కఫం తుడిచి పారేసిన దూది, అంటుకుపోయే నేల. తలవైపు, మందులు పెట్టుకునే చిన్న బీరువా వెనక బాక్సు ఆకుపచ్చగా మినుకుమంటోంది. అక్కడున్నది ఒక్కటే ప్లగ్ పాయింటు. అందులో బాక్సు వైరు ఉంది. దానికి చోటు చెయ్యడానికి పీకేసిన మరో వైరు నేల మీద పడి ఉంది. అదెక్కడిదా అని చేత్తో తడుముకుంటూ పోయాడు. గాలి పరుపు మోటారుది.

వైర్లాయన నోరు చేదైపోయింది. ఎవడో తన నెట్ కోసం కదల్లేని మనిషి వీపుని పుండు చేశాడు. సిస్టర్ని అనవసరంగా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. బాక్సు పీకేసి మోటారు వైరు గుచ్చాడు. మోటారు గుర్రుమంది. పరుపు మెల్లగా ఉబ్బింది. పైన మూలుగు కాస్త తగ్గింది.

అప్పుడు, వైర్లాయన వచ్చాక మొదటిసారి, కొడుకు తండ్రి మంచం దగ్గరికొచ్చాడు. రుమాలు జేబులో కుక్కుకుని, మోకాళ్ళ మీద వంగి, సరిగ్గా ఆ బీరువా వెనక్కే తొంగి చూశాడు.

“ఎవర్రా నా వైఫై పీకింది?” అన్నాడు.