బెల్టు అతుకు

కొండల్ బండికి అడ్డం నిలబడ్డాడు. కదిలిస్తే ముందు తనను తొక్కించి పొమ్మన్నాడు. మామిడిపల్లి అవతల, రాళ్లు కొట్టి వదిలేసిన క్వారీ గుంత ఒడ్డున యుద్ధం సినిమా షూటింగ్ అలా ఆగిపోయింది.

బండి లోపల ఫ్రెంచి సైనికుడి దుస్తుల్లో కొండల్ తమ్ముడు పాండు ఉన్నాడు. చొక్కా బిగుతై పై గుండీ పట్టలేదు. డ్రైవరు కావాలంటే తమ్ముణ్ణి పంపింది కొండలే. ఇప్పుడా తమ్ముడికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

"అన్నా, జర పక్కకు జరుగు. అందరు సూస్తున్నరు."

"సూడనీ. నువ్వు దిగు."

దర్శకురాలు అనుపమ వచ్చింది. గోదావరి జిల్లా మనిషి, ఎవరినైనా గారూ అనే పిలుస్తుంది. విషయం ఏమిటని నెమ్మదిగా అడిగింది.

"మేడం, బ్రేకు ఎన్క పట్టాలకే ఉన్నది. ముంగటి చక్రాలకు లేదు. జోరుగ ఉరికిచ్చి గుంత అంచు కాడ ఆపమంటే ఎట్లాగుతది? మా పాండుగాడు పోతడు."

అతని మాట కొట్టిపారేయడానికి లేదు. ఆ పట్టాలు వేసింది అతనే. కాటేదాన్ కార్ఖానాల్లో బెల్టులు అతికే పని అతనిది. ముందు మామూలు చక్రాలు, వెనక రబ్బరు పట్టాలు ఉన్న ఈ బండి బొమ్మలను అనుపమే ఒకనాడు అతని షెడ్డుకు తెచ్చి చూపించింది. వందేళ్ల కిందట ఫ్రాన్సులో పుట్టిన రకమట. ఎడారి ఇసుకను దాటిందట. సైన్యం తీసుకుని ఫిరంగులు లాగించిందట. ఫ్రాన్సు ఓడిపోయాక జర్మన్లు ఆ బండ్లనే పట్టుకుని వాడుకున్నారట. చేసినవాళ్ల మీదికే తోలిన్రా అని కొండల్ అడిగాడు. ఆ మాట ఎందుకో అతనికి నచ్చలేదు.

నచ్చకపోయినా పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. కంకర మిషన్ బెల్టు తెచ్చి, కొసలను మెట్లుమెట్లుగా కోసి, ఒకదాని మీద ఒకటి వేసి, జిగురు పూసి, వేడి పెట్టి అదిమాడు. అలాంటి అతుకు ఒకవైపు తిరగడానికే. ముందుకు తిరిగే కొద్దీ బిగుస్తుంది. వెనక్కి తిప్పితే పొర లేచి ఊడుతుంది. ఆ సంగతి బండి తీసుకుపోవడానికి వచ్చిన సెట్టింగుల మనిషి రాజుకు రెండుసార్లు చెప్పాడు. పట్టాల మీద తెల్లరంగుతో 'రివర్స్ వద్దు' అని రాశాడు కూడా. ఫ్రాన్సు బండి మీద తెలుగు రాతలేమిటని రాజు మర్నాడే నల్లరంగు పూయించి, వేరే సినిమాకు వెళ్లిపోయాడు. ఇది కొండల్‌కు తెలియదు. తెలిసినా ఇవాళ గుర్తొచ్చేది కాదేమో. అతని కళ్లముందు ఆ గుంత ఒక్కటే ఉంది.

అనుపమ గుంతలోకి తొంగిచూసింది. అడుగున నల్లటి నీళ్లు.

"మీ తమ్ముడి ప్రాణం కంటే నాకు షాట్ ఎక్కువ కాదండీ, కొండల్ గారూ. బండిని గుంత వైపు ఒక్క అడుగు కూడా నడపనివ్వను. మాటిస్తున్నాను."

మరి షాట్ ఎలా వస్తుందని కొండల్ అడగలేదు. ఆ మాటే పదివేలనుకుని చేతులు జోడించి పక్కకు తప్పుకున్నాడు. అతన్ని పెద్ద బండరాయి వెనక, తాడు కట్టిన చోటికి పంపించారు. అక్కడ రేణుకమ్మ స్టవ్ మీద చాయ మరుగుతోంది. పదిహేనేళ్లుగా షూటింగులకు చాయ పోస్తున్న మనిషి. రాయి అవతల క్రేను గరగరలాడి, కాసేపటికి ఆగింది.

"క్రేను ఎందుకక్కా?"

"బండిని ఎత్తి అంచున పెట్టెతందుకు. మూతి గుంత దిక్కు." రేణుకమ్మ గ్లాసు చేతికిచ్చింది. "పరేషాన్ గాకు. గాడికెళ్లి ఎన్కకు తీస్తరు. తెర మీద ఉల్టా తిప్పితే ఉరికొచ్చి అంచు కాడ ఆగినట్టే కనవడ్తది. మొదలు గిట్ల అనుకోలే. నువ్వు మొత్తుకున్నవనే మార్చిన్రు."

కొండల్‌కు తన చేతుల కింద బెల్టు పొర లేచి ఊడుతున్నట్టు కనిపించింది. పట్టా ఊడితే ఇక బ్రేకు కూడా ఉండదు. గ్లాసు అక్కడే వదిలేసి, తాడు దాటి, రాయి చుట్టూ తిరిగి పరుగెత్తాడు.

బండి గుంత వైపు వాలి నిలబడి ఉంది. క్రేను కొక్కెం తీసేసి దూరంగా వెళ్లిపోయింది. పట్టాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటి మీద తన రాత లేదు.

"పాండూ, ఎన్కకు తియ్యకు!"

శంషాబాద్‌లో దిగబోయే విమానం సరిగ్గా నెత్తిమీదికి వచ్చి, ఆ కేకను మింగేసింది. మాటల్లేని షాట్ గనక అది పోయేదాకా ఎవరూ ఆగలేదు. కొండల్ అరుస్తూ రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తాడు.

పాండు తల తిప్పి చూశాడు. అన్నకు కోపం పోయినందుకు సంతోషపడి, తనూ చెయ్యి ఊపి, రివర్స్ గేరు వేశాడు.