గడప దాటని మిషను

తలుపు చప్పుడవగానే, కుడుతున్న పెళ్లాన్ని లేపి మొగుడు కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి, దానిమీద నీళ్ల కూజా పెట్టాడు.

వచ్చింది మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టర్. "ఇంట్లో కుట్టుపని వ్యాపారం నడుపుతున్నారట?"

"వ్యాపారమా? భలేవారే! మా ఆవిడ గడపే దాటదు."

ఆ ఒక్క మాటే నిజం. పెళ్లయ్యాక ఆమె చూసిన లోకమంతా మిషను పక్క కిటికీలోంచి కనబడేదే.

"సరే. డబ్బుకి కుడితే మాత్రం ఇళ్ల మధ్య కుదరదు. బజార్లో కొట్టు తీసుకోవాల్సిందే," అంటూ ఇన్‌స్పెక్టర్ వెనుదిరిగాడు.

"అక్కడే కూర్చుని కుట్టాలా సార్? రోజూ?" అందామె.

"అంతేనమ్మా. ఇంట్లో కుట్టనివ్వం."

మొగుడు కళ్లురిమాడు. ఆమె బీరువా తలుపు బార్లా తెరిచింది. మడతపెట్టిన చొక్కాలు కుప్పగా జారిపడ్డాయి.

"ఇవన్నీ బయటివాళ్లవే సార్. కేసు రాసుకోండి."