మిగిలిన స్టిక్కరు

"నీదొక్కటే మిగిలింది పిన్నీ. ఎక్కడ అంటిస్తావు?" అని అడిగింది డిజైనర్ ఉష.

మిరప కూలీల కోసం ఏ వస్తువు తయారు చేయాలో తేల్చడానికి గురజాలలో పెట్టిన వర్క్‌షాపు అది. గోడ మీది బొమ్మల్లో తమకు కావాల్సినదాని మీద ఒక్కొక్కరు ఒక్కో స్టిక్కరు అంటించాలి. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లంతా తొడిమలు తీసే మిషన్ బొమ్మకే స్టిక్కర్లు అంటించారు. మరియమ్మ మాత్రం స్టిక్కరు వేలికి పెట్టుకుని నిలబడింది.

"నీ చేతులు మండటం లేదా?" అంది ఉష.

"ఎందుకు మండవు? షెడ్డులో నలుగురం తిట్టుకుంటా నవ్వుకుంటా ఉంటే తెలవదు. మిషనొస్తే మమ్మల్ని షెడ్డుకి పిలవరు. ఇంట్లో ఎవురితో మాట్లాడాల? గోడతోనా?"



మరియమ్మ వెళ్లి, ఎవరూ ఎంచుకోని పీట బొమ్మ మీద స్టిక్కరు అంటించింది.

"అది ఒక్కరు కూర్చునేది, పిన్నీ."

"ఇంకాస్త వెడల్పు చెయ్యమ్మా. పక్కన ఎవురన్నా కూర్చుంటారు."