బండగుంటలో పటికబెల్లం

మనుషులు మిఠాయి డబ్బాని నీళ్ళపళ్ళెంలో పెట్టి చీమల్ని ఆపడం నల్లచీమలు చాలాసార్లు చూశాయి. అందుకే తమకు దొరికిన పటికబెల్లం ముక్క ఎర్రచీమలకు అందకుండా, దాన్ని బండమీది గుంటనీళ్ళలోకి దొర్లించి, అందులో ఉండే కప్పని కాపలా పెట్టాయి.

మర్నాడు వచ్చి చూస్తే ముక్క లేదు.

"నువ్వే మింగావు," అంది పెద్దచీమ.

"నేను పురుగులే తింటాను తల్లీ. మీ ముక్క నీళ్ళలోనే ఉంది, నాకి చూడు," అంది కప్ప.

పెద్దచీమ నాకింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

"తిన్నది చాలక నోరు కూడా ఇందులోనే కడుక్కున్నావా?"

బెల్లం దొరికేదాకా కదిలేది లేదని చీమలన్నీ గుంట చుట్టూ కూర్చున్నాయి. నాలుగు రోజులు ఎండ మాడ్చింది. నీళ్ళు తగ్గి తగ్గి, చివరికి గుంట అడుగున తెల్లటి పలుకులు మెరిశాయి.

చీమలు సిగ్గుపడ్డాయి. "మాట తూలాం, ఏమీ అనుకోకు మామా," అంది పెద్దచీమ.

ఎండిన గుంటలో కూర్చున్న కప్ప వాటిని ఒక్కొక్కదాన్నే తేరిపార చూసింది.

"అదలా ఉంచండి. ఈ నాలుగు రోజులూ కాపలా ఉన్నది మీరేగా. నా నీళ్ళు ఎవరు తాగారు?"