బేసి నంబరు సీసా

నా భార్య దయమ్మకు మోకాళ్లు పట్టేసిన నెలలోనే, ఖిదిర్‌పూర్‌లోని నా మందుల దుకాణానికి ఉచిత బిళ్లలు వచ్చాయి. ఒక కంపెనీ కీళ్లనొప్పులకు కొత్త మందు చేసింది. అమ్మే ముందు మనుషుల మీద వాడి చూడాలి. రేవు కూలీల ఇళ్ల నుంచి ముప్ఫైమందిని పోగుచేసే పని నాది.

"ఫారిన్ మందు. ఊరికే ఇస్తన్నారు," అన్నాను. వేలిముద్రలు పడ్డాయి. కాగితంలో ఏముందో వాళ్లు అడగలేదు, నేను చదవలేదు. నాకు ఒక గోడగడియారం ముట్టింది.

సగం సీసాల్లోనే మందు. మిగతా సగంలో ఉత్త పిండిబిళ్లలు. ఏది ఏదో డాక్టరుకు కూడా తెలియకూడదట. కంపెనీ మనిషి ఘోష్‌కు తెలుసు. అతను నా ఖర్చుతో రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నాక నాకూ తెలిసింది.

"బేసి నంబరు అసలుది, దాదా. ఎవరితోనూ అనకు."

దయమ్మకు పద్నాలుగో నంబరు వచ్చింది. పక్కింటి అప్పమ్మకు పదిహేను. మొగుడు పోయాక రేవులో గోతాలు కుట్టి బతుకుతున్న మనిషి. ఆమెవీ అవే మోకాళ్లు.

నాది వ్యాపారి బుర్ర కదా! నెలనెలా దుకాణంలోనే రెండు సీసాల బిళ్లలూ తారుమారు చేసి, రెండూ దయమ్మ చేతికే ఇచ్చేవాణ్ణి. అప్పమ్మ సీసా ఆమే అందించేది. తేదీ దాటిన బిస్కట్లు, ఎలకలు కొరికిన సబ్బులు మోసుకెళ్లే ఇంటికి మొదటిసారి మేలైన సరుకు తీసుకెళ్తున్నానని నా భుజం నేనే తట్టుకున్నాను. దయమ్మకు మాత్రం చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

నాలుగు నెలలు గడిచాయి. అప్పమ్మ నీళ్ల బకెట్‌తో మూడో అంతస్తు ఎక్కేస్తోంది.

"ఏసయ్య దయ, నీ మందు బాబూ!" అని మెట్ల మీంచే కేకేసింది.

దయమ్మను మంచం దింపడానికి ఇద్దరం కావాలి. పిండికే ఇంత బలముంటే దుకాణంలో పిండే అమ్ముకుందును!

బంద్ రోజున, సగం దించిన షట్టర్ వెనక ఘోష్‌ను నిలదీశాను.

"కాళీమాత మీద ఒట్టు, దాదా. బేసిదే అసలుది."

ఇంటికొచ్చి దయమ్మ ముందు చతికిలబడ్డాను. బిళ్లలు మార్చిన సంగతంతా చెప్పేశాను.

మోకాలికి నూనె రాసుకుంటున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఓలమ్మో! ఇరవై ఏళ్లుగా ఇంటికి పాడు సరుకే తెత్తన్నారు కదా, ఇదీ అదేనని నా బిళ్లలు అప్పమ్మ సీసాలో పోసేసి, దానివి నాను మింగతన్నాను!"