ఆదివారం బండి

“నాకొక్క మాటైనా సెప్పకుండా ఇంజను మార్పించేసినావా బావా?”

అసిరయ్య అలా నిలదీసేసరికి జగన్నాధం కారు సీట్లోంచి లేవకుండానే తల దించుకున్నాడు. రాజాం ఊరి చివర అసిరయ్య మెకానిక్ షెడ్డు ముందు ఆ బుల్లి ఎర్ర కారు గుర్రుమంటోంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఎప్పటిదో పాతకాలపు స్పోర్ట్స్ కారు. పాతికేళ్ళుగా దాని బాగోగులన్నీ అసిరయ్యవే.

“ఏటి సెయ్యమంటావు బావా? ఆరేళ్ళ నుంచీ వారం తిరిగేసరికి ఆగిపోతన్నాది. మొన్న గజపతినగరం పెళ్ళికి ఎల్తే మీ చెల్లెమ్మ పట్టుచీర కట్టుకుని నడిరోడ్డు మీద బండి తోసింది. ఇంజను మార్చకపోతే సచ్చినా ఇది ఎక్కనని కూచుంది. విశాఖ తీసుకెళ్ళి దీనికి రెండింతల పవరున్నది ఎక్కించీసినాను.”

“పాతింజనేదీ?”

“ఆ షెడ్డోళ్ళే తూకానికి ఇచ్చేసినారు. ఈపాటికి కరిగించేసుంటారు.”

అసిరయ్య చేతిలో స్పానర్ కిందపెట్టి స్టూలు మీద కూలబడ్డాడు. “దానికేటి రోగమని బావా...” అన్నాడు తనలో తనే.

ఇన్నేళ్ళు తన చేత్తో నడిపించిన ఇంజను, మనిషికి రోషం రాదా మరి, అనుకున్నాడు జగన్నాధం. ఆదివారం వస్తాలే అని చెప్పి బయల్దేరాడు.

ఆదివారం వచ్చింది. వెళ్ళడానికి పనేముంది? కొత్త ఇంజనుకి దగ్గు లేదు, తుమ్ము లేదు. తాళం తిప్పితే చాలు, ఉరుకుతోంది. భార్య రాజకుమారి మహా సంబరంగా పక్కన కూర్చుని ఆమదాలవలస దాకా వెళ్ళొచ్చింది. “ఇన్నాళ్ళకి బండిలా ఉందండీ” అంది. జగన్నాధానికి మాత్రం చేతిలోది ఏదో జారిపోయినట్టుంది.

ఇదివరకు ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఆ బానెట్ ఎత్తి వంగితే, మళ్ళీ భోజనాల వేళకి గానీ నడుములెత్తేవారు కాదు. బీపీ బిళ్ళలు, గోగునార ధర, ఆరేళ్ళ కిందట పోయిన అసిరయ్య పెళ్ళాం చిన్నతల్లి, అన్నీ ఆ బానెట్ కిందే మాట్లాడుకునేవారు.

ఉండబట్టలేక ఓ ఆదివారం పకోడీ పొట్లం పట్టుకుని వెళ్ళాడు.

“బండికేటైనాది?” ఆత్రంగా లేచాడు అసిరయ్య.

“ఏటీ కాలేదు. ఊరికే ఒచ్చినాను.”

“ఊరికేనా?” అని మళ్ళీ కూర్చున్నాడు అసిరయ్య.

ఇద్దరూ చెరో స్టూలు మీద కూర్చుని పకోడీ తిన్నారు. మధ్యలో బానెట్ లేకపోయేసరికి ఇద్దరికీ మాటలే రాలేదు. పావుగంటకి “పనుంది బావా” అంటూ అసిరయ్య లేచాడు. షెడ్డులో ఒక్క బండీ లేదు. అయినా జగన్నాధం ఇంటిదారి పట్టాడు. ఎందుకు మార్పించానురా దేవుడా అని దారంతా తనని తాను తిట్టుకున్నాడు.

పై ఆదివారం షెడ్డుకి ఇంకా వంద గజాలుందనగా మలుపులో బండి ఆపాడు. అటూ ఇటూ చూసి, బానెట్ ఎత్తి, కాయిల్ దగ్గర చేతికందిన వైరొకటి పీకేశాడు. అరవై రెండేళ్ళ మనిషి, ఆ బండిని ఒగురుస్తూ, చెమటలు కక్కుతూ షెడ్డు దాకా తోసుకెళ్ళాడు.

“ఏటైనాది బావా!” అసిరయ్య ఎదురు పరిగెత్తుకొచ్చాడు.

“ఆగిపోనాది.”

“మరదే! పట్నపోళ్ళ పని నాకు తెల్దేటి!” అసిరయ్య మొహం చింకి చేటంతయింది. పక్క కొట్టుకి రెండు టీలని కేకేసి, బానెట్ ఎత్తి, నట్లూ బోల్టులూ ఒక్కొక్కటే తడమడం మొదలెట్టాడు. గోగునార సంగతి వచ్చింది, మోకాలి నొప్పి సంగతి వచ్చింది, చిన్నతల్లి వండే ఎండుచేపల పులుసు సంగతీ వచ్చింది. గంట ఎలా గడిచిందో తెలీలేదు. జగన్నాధం ప్రాణం లేచొచ్చింది.

చివరికి అసిరయ్య చెయ్యి ఆ వైరు దగ్గర ఆగింది. నవ్వూ ఆగింది.

“బావా, ఇది దానంతటది ఊడింది కాదు.”

దొరికిపోయాడు జగన్నాధం. ఇంక బొంకే ఓపిక లేదు. “నేనే పీకినాను. ఏటి సెయ్యను మరి? పాతదున్నన్నాళ్ళూ అదే నన్ను నీ కాడికి లాక్కొచ్చీది. దానికి ముసలితనం రాకుండా ఉంటే బాగుణ్ణు. ఎంత మంచి ఇంజను, సేజేతులా తూకానికిచ్చుకున్నాను.”

అసిరయ్య మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మొహానికి గ్రీజు అంటినా పట్టించుకోలేదు.

“ముసలితనమూ కాదు, రోగమూ కాదు బావా,” అన్నాడు ఆ వైరు కొస వేళ్ళ మధ్య తిప్పుతూ. “ఆరేళ్ళూ ఆదివారం ఆదివారం ఇలాటి వైరే నాను సగం గుచ్చి పంపీవోణ్ణి.”