వెన్న డబ్బా

"మూత పెట్టకమ్మా, ఇక దాచినా లాభం లేదు," అన్నారు మామగారు వంటింటి గుమ్మంలో నిలబడి.

కోడలి చేతిలో స్పూను ఆగిపోయింది. డబ్బా మీద పేరు వెన్నదే. డాక్టరు ఆయనకు వెన్న మాన్పించిన రోజు నుంచి ఆమె అందులో నింపుతున్నది మాత్రం వంటనూనెలతో చేసిన మార్జరిన్.

"ఎప్పుడు తెలిసింది మామయ్యా?"

"మొదటి రోజే. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న రాయిలా ఉంటుంది, రాస్తే బ్రెడ్డు చిరుగుతుంది. ఇదేమో తీయగానే కత్తికి లొంగిపోయింది. ముప్పై ఏళ్లు బేకరీ నడిపినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?"

కోడలికి ఒళ్లు మండింది. "మరి ఆరు నెలలుగా రోజూ 'వెన్నంటే ఇదీ' అని లొట్టలేశారే?"

"పొద్దున్నే లేచి నా గుండె కోసం దొంగపని చేస్తున్నావు. నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని."

"బాగానే నటించారు. బేకరీలో అలవాటైందా?"

"అక్కడ నటనేముంది? బయట 'అచ్చమైన వెన్న బిస్కెట్లు' అని బోర్డు, లోపల మార్జరిన్. ఒక్కడూ పట్టుకోలేదు. పైగా పక్క కొట్టు టైలరు ఇరవై ఏళ్లు రోజూ వచ్చి, వెన్నంటే ఇదీ అని..."

ఆయన కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చున్నారు.

"ఏమైంది మామయ్యా?"

"అతగాడికీ మొదటి రోజే తెలిసుంటుందంటావా?"

కోడలు బ్రెడ్డు మీద మార్జరిన్ మందంగా రాసి ఆయన ముందు పెట్టింది.

"వెన్నే, తినండి," అంది.